నడిచే ఇసుక కొండ

మా అక్క చికాగోలో ఎమ్మెస్ చేస్తోంది. పోయిన వేసవిలో ఇండియానా డ్యూన్స్ స్టేట్ పార్కులో టెంటు వేసుకుని వీడియో కాల్ చేసింది. వెనక ఇసుక కొండ, ముందు అవతలి గట్టు కనపడని నీళ్లు. "ఏ బీచ్ అక్కా?" అన్నా. "బీచే గానీ సముద్రం కాదురా, చెరువు!" అంది. అది మిషిగన్ సరస్సు.

చైతన్యపురిలో పెరిగిన నాకు చెరువంటే సరూర్‌నగర్ చెరువే. చెరువు పక్కన ఇసుక కొండలేంటని చదవడం మొదలుపెట్టా.

వేల ఏళ్ల కిందట పెద్ద పెద్ద మంచు పలకలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు ఆ సరస్సు ఏర్పడింది. అలలు ఇసుకను ఒడ్డుకు తోస్తాయి. ఆరిన ఇసుకను గాలి లోపలికి మోసుకెళ్తుంది. దారిలో గడ్డి దుబ్బు అడ్డొస్తే గాలి వేగం తగ్గి, ఇసుక అక్కడే రాలుతుంది. గడ్డి పూడిపోకుండా ఇంకా పైకి పెరుగుతుంది, దాంతోపాటే దిబ్బా పెరుగుతుంది. అలా పెరిగిన మౌంట్ టామ్ ఎత్తు సరస్సు మట్టం నుంచి 192 అడుగులు. అంటే దాదాపు 19 అంతస్తుల అపార్ట్‌మెంట్!

మరి ఆ గడ్డి పోతే? కొండ నడుస్తుంది. దగ్గర్లోని మౌంట్ బాల్డీ మీద జనం తొక్కిడికి గడ్డి చచ్చిపోయి, ఇసుక కదిలి వెనకున్న చెట్లను మింగేసింది. లోపల చెట్లు కుళ్లి బొరియలు మిగిలాయి. 2013 జూలైలో ఆరేళ్ల బాబు అలాంటి ఒక బొరియలోకి జారిపోయాడు. మూడు గంటలకు పైగా తవ్వి ప్రాణాలతో తీశారు.

మనుషులే మాయం చేసిన కొండ కూడా ఉంది. హూజియర్ స్లైడ్ అనే దిబ్బను గాజు తయారీకని రైలు పెట్టెల్లో తరలించారు. 1920 నాటికి నేలమట్టం. మిగిలినవైనా కాపాడుకోవాలని జనం పట్టుబట్టారు. 1925లో స్టేట్ పార్కు వచ్చింది.

ఈత విషయంలో మాత్రం జాగ్రత్త. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ నీళ్లలో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఎదురీదితే అలసిపోతాం. కంగారు పడకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి. లైఫ్‌గార్డ్ లేకుంటే దిగొద్దని అక్కకు గట్టిగా చెప్పా.

అక్కడ గడ్డి ఎంతో, ఇక్కడ నాలా అంత. వాన నీటికి దారి మూసేస్తే ఏమవుతుందో 2020 అక్టోబరులో మా వీధిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూశా.

ఆ రోజు కాల్ పెట్టేసేలోపు తాత ఫోను లాక్కున్నాడు. "అక్కడ ఈత కొట్టనిస్తరా బిడ్డా?" అనడిగాడు. ఆయన ఈత నేర్చుకుంది సరూర్‌నగర్ చెరువులోనే. ఇప్పుడు మేం ఆ నీళ్లలో కాలు కూడా పెట్టం.

"ఇస్తరు తాతా."

"జర ఫోను నీళ్ల దిక్కు తిప్పు" అన్నాడు. చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.