పెట్టె మీద పదివేల వాట్లు, ప్లగ్గుకు ఆరు ఆంపియర్లు

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, హోం థియేటర్ పెట్టెల మీద వాట్లు పుట్టగొడుగుల్లా లేస్తాయి. ఉన్నమాట చెప్పి 100 వాట్లని రాసుకున్న సబ్‌వూఫర్‌ను ‘ఇంతేనా?’ అని పక్కకు నెట్టి, ‘10,000 వాట్స్ పీఎంపీఓ’ స్టిక్కరున్నదాన్ని ఆటోలో ఎక్కించుకుపోతున్నారు. వాల్యూమ్ సగం దాటగానే గరగర మొదలైతే, తప్పు పాటదనుకుంటున్నారు.

అపోహ: పీఎంపీఓ ఎంత పెద్దదైతే బేస్ అంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: పీఎంపీఓకు, అంటే ‘పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్’కు, అందరూ ఒప్పుకున్న కొలతే లేదు. ఎవరి లెక్క వారిది. అనుమానముంటే సాకెట్ చూడండి. ఇంట్లో మామూలు సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర దాని పరిమితి 1,380 వాట్లు. 10,000 వాట్లు లాగాలంటే 43 ఆంపియర్లు దాటాలి. అంతకుముందే ఎంసీబీ పడిపోతుంది. ఆంప్లిఫయర్ కరెంటును పుట్టించదు, తీసుకున్నదానిలో కొంత వేడిగా పోగొట్టి మిగిలింది స్పీకరుకు ఇస్తుంది. అదే పెట్టె వెనక ‘వినియోగం 80 వాట్లు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది మామూలు వాల్యూమ్‌లో కొలిచిందని సర్దిచెప్పినా, వందరెట్ల తేడాకు సమాధానం దొరకదు. ఇలాంటి అంకెల గారడీ భరించలేకే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో, ఆంప్లిఫయర్ నిలకడగా ఇచ్చే పవర్‌నే ప్రకటనల్లో చెప్పాలని నిబంధన పెట్టింది. మన షాపుల్లో ఆ నిలకడ పవర్‌నే ఆర్ఎంఎస్ అంటారు.

అపోహ: 100కు బదులు 200 వాట్లయితే మోత రెట్టింపు.

వాస్తవం: పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు స్పీకరు ఎంత మోత చేస్తుందో చెప్పే అంకె) 90 డెసిబెల్స్ ఉన్న స్పీకరు 50 వాట్లతో చేసే మోతకు, 87 ఉన్నదానికి 100 వాట్లు పడతాయి.

అపోహ: పీక్ పవర్ అంతా బూటకం.

వాస్తవం: ఇక్కడ కాస్త తగ్గక తప్పదు. సినిమాలో బాంబు పేలే క్షణంలో కెపాసిటర్లు దాచుకున్న శక్తి నిజంగానే పనికొస్తుంది. పీక్ అంకె ఆర్ఎంఎస్‌కు రెట్టింపు ఉంటే అది మామూలు లెక్కే. వందరెట్లు ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బంగారు పూత పిన్ను బేస్ పెంచదు. పెట్టె బరువు వాట్లను చెప్పదు. సబ్‌వూఫర్ వల్ల కరెంటు బిల్లు పేలిపోదు. ఆ పని ఏసీ చూసుకుంటుంది.

కొనేముందు మూడే అడగండి: ఆర్ఎంఎస్ ఎంత, ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారు, ఎన్ని హెర్ట్జ్ దాకా దిగుతుంది. 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచిన వాట్లను తగ్గించి చదువుకోండి. స్వరం ఒక ఆక్టేవ్ దిగితే, అంటే హెర్ట్జ్ సగమైతే, అంతే మోతకు అదే కోను నాలుగింతలు కదలాలి. కాబట్టి లోతైన బేస్ కావాలంటే స్టిక్కరు వదిలేసి, కోను సైజు చూడండి. ఇంటికి తెచ్చాక సబ్‌వూఫర్‌ను రెండు మూడు చోట్ల పెట్టి వినండి. గోడ మూలన పెడితే పైసా ఖర్చు లేకుండా బేస్ పెరుగుతుంది. ఆర్ఎంఎస్ ఎంతో రాయని పెట్టెను మాత్రం ఎంత ఆఫర్ ఇచ్చినా కొనకండి.