పులికాట్ సరస్సులో వంతుల వేట

పులికాట్ సరస్సులో అధికభాగం ఆంధ్రలోను, తక్కినది తమిళనాడులోను ఉన్నది. తమిళ తీరాన పళవేర్కాడు పరిసర గ్రామాల మత్స్యకారులు తరతరాలుగా పాటిస్తున్న వేట పద్ధతిని ‘పాడు’ అంటారు. ఈ మాట వినగానే తెలుగువారికి చెడిపోవుట స్ఫురిస్తుంది గాని, అక్కడ దాని అర్థం వేరు: వేట స్థలము, అందులో వంతు.

రొయ్యలు సముద్రానికి, సరస్సుకు నడుమ రాకపోకలు సాగించే ముఖద్వారం దాపున వలకు అనువైన చోట్లు కొన్నే ఉంటాయి. బలవంతుడు నిత్యం అక్కడే వల కడితే తక్కినవారి ఇంట పొయ్యి వెలగదు. అందువలన ‘తలైకట్టు’, అనగా వేటహక్కు గల పురుషుల కూటమి, చీట్లు వేసి ఏనాడు ఏ చోటు ఎవరిదో నిర్ణయిస్తుంది. నేడు మంచి చోటు దక్కనివానికి మరొకనాడు దక్కుతుంది. తగవు రేగదు, ఒకే చోట అందరూ వలలు దించరు.

అయితే ఈ న్యాయం కూటమి లోపలివారికే. స్త్రీలకు, చేతులతో రొయ్యలు పట్టే ఇరుళర్లకు ఇందులో వంతు లేదు. ఇది చిన్న లోపం కాదు. మరొక చిక్కు ఇసుక. ముఖద్వారం పూడితే రొయ్యపిల్ల లోనికి రాదు. అప్పుడు చీటీలో ఏ చోటు వచ్చినా వల ఖాళీయే. ఆ పూడిక తీయించుట ఊరి కట్టుబాటుకు మించిన పని.