నారు పోయు వేళ

హిందూపురము సముద్రమట్టమునకు రెండువేల అడుగుల కెగువన నున్నది. ఇచట బావి క్రింది రైతు ఆషాఢమునందే వరినారు పోయగలడు. చెరువు క్రింది రైతు నీటికై వేచియుండవలెను. ఈ సీమలో పెద్దవానలు భాద్రపద, ఆశ్వయుజములలో గాని కురియవు. విత్తన మొకటే, ఎరువొకటే. అయినను ఆశ్వయుజమున నారు పోసినవానికి ఒక్కొక్క యేట తాలే మిగులును. కారణమేమి?

వెన్ను వెలువడుటకు పది పండ్రెండు దినములు ముందు, పొట్టలోనే పుప్పొడి రూపొందును. పైకి ఏమియు కనబడదు గాని, పైరున కది మిక్కిలి సుకుమారమైన వేళ. అప్పుడు రాత్రులు 20 సెంటీగ్రేడు డిగ్రీలకంటె బాగుగా చల్లబడినచో పుప్పొడి చెడును. పూత పూసినను గింజ కట్టదు. ఆశ్వయుజపు నారునకు ఈ వేళ పుష్యమాసపు చలిలో వచ్చును.

పోనీ, చలి వెడలినపిదప పూయునట్లు పోయుదమన్న, వేసవి కాచుకొనియుండును. వరిపువ్వు పగటిపూట విచ్చి, గంట సేపటికే ముడుచుకొనును. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు మించిన, అప్పుడును తాలే.

వేడి వేరు, వెలుగు వేరు. ఆకులు వెలుగుచేతనే పిండిపదార్థమును సిద్ధపరచును. కోతకు ముందరి నెలన్నర మబ్బు క్రమ్మిన దిగుబడి తగ్గును. గోదావరి, కృష్ణా డెల్టాలలో సార్వాకంటె దాళ్వా హెచ్చుగా పండుటకు నిర్మలాకాశ మొక ముఖ్యకారణము.

1966లో ఫిలిప్పైన్సునుండి వచ్చిన ఐ.ఆర్. 8 వరి పగటి నిడివితో పనిలేక ఏ ఋతువునందైనను పూచెడిది. చలిని మాత్ర మదియు గెలువలేదు. కావున చెరువు ఆలస్యముగా నిండిన యేట, హిందూపురపు రైతు స్వల్పకాలపు వరిని వెదకును. లేనిచో ఆ మడిలో రాగి నాటును.