ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు, వేడిని మోసుకెళ్తుంది

అన్నలూ, తమ్ముళ్లూ, ఈసారి ఎపిసోడ్‌లో కంప్రెసర్ గురించి గబగబా చెప్పేశాను. అర్థం కాలేదన్నవాళ్ల కోసం ఇక్కడ నిదానంగా రాస్తున్నా. నేను ఏసీ మెకానిక్‌ని కాదు. ఐటీఐలో ఫిట్టర్ చేసి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. అల్ వర్సాన్‌లో మా రూమ్ ఏసీయే నాకు ఈ పాఠం నేర్పింది.

పోయిన జూలై సంగతి. మా రూమ్‌లో ఒక తమ్ముడిది నైట్ డ్యూటీ. పగలు పడుకోవాలి. పదకొండు దాటితే చాలు, ఏసీలో వట్టి గాలే వచ్చేది. ఒక మెకానిక్ వచ్చి "గ్యాస్ తక్కువైంది" అని నింపి డబ్బులు తీసుకుపోయాడు. పది రోజులకు మళ్లీ అదే కథ, మళ్లీ గ్యాస్. తమ్ముడికి నిద్ర లేదు. నిద్ర లేని మనిషిని స్కాఫోల్డింగ్ ఎక్కించాలంటే నాకు భయం.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? పైకి ఊరిన తడి ఆవిరవుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది కాబట్టి. ఏసీ ఇండోర్ కాయిల్‌లో కూడా అంతే. అక్కడ నీళ్లకు బదులు రిఫ్రిజిరెంట్, అంటే మనం 'గ్యాస్' అనేది, సుమారు 5 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతూ రూమ్‌లోని వేడిని లాక్కుంటుంది.

ఆ వేడిని బయట పారెయ్యాలి. చిక్కు ఇక్కడే. వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. బయట 45 డిగ్రీలు ఉంటే చల్లటి ఆవిరి తన వేడిని అక్కడ ఎలా వదులుతుంది? అందుకే కంప్రెసర్. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకుని చూశారా? కాలుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. కంప్రెసర్ కూడా ఆవిరిని నొక్కి, బయటి గాలి కన్నా వేడి చేస్తుంది. ఆర్-410ఏ గ్యాస్ అయితే లోపలికి వచ్చేటప్పుడు దాదాపు 120 పీఎస్ఐ ఉంటుంది. బయట 55 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలంటే 480 దాకా పోవాలి. ఔట్‌డోర్ కాయిల్‌లో వేడి వదిలి ద్రవమయ్యాక, సన్నటి దారి గుండా వెళ్లేటప్పుడు ప్రెషర్ పడిపోయి మళ్లీ చల్లబడి రూమ్‌లోకి వస్తుంది. మళ్లీ మొదటి నుంచి అదే తిరుగుడు.

ఎండలో పనిచేసే మనకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు విరామం ఉంది. కంప్రెసర్‌కి సరిగ్గా అప్పుడే పని ఎక్కువ.

మా ఏసీ రోగం చివరికి ఒక పెద్దాయన కనిపెట్టాడు. ఆయన ముందు గేజ్ తియ్యలేదు, బాల్కనీకి పోయాడు. ఔట్‌డోర్ యూనిట్ ముందు మేము ఆరేసిన బట్టలు, పక్కన అట్టపెట్టెలు, కాయిల్ నిండా ఇసుక దుమ్ము. వేడి బయటికి పోయే దారే లేదు. ప్రెషర్ పెరిగి, మోటార్ వేడెక్కి, కాపాడుకోవడానికి కంప్రెసర్ తనే ఆగిపోతోంది. పైగా రెండుసార్లు నింపిన గ్యాస్ ఆ ప్రెషర్‌ని ఇంకా పెంచింది. ఆయన కాయిల్ కడిగి, ఎక్కువైన గ్యాస్‌ని సిలిండర్‌లోకి తీసేశాడు. ఆ రోజు నుంచి తమ్ముడు హాయిగా పడుకుంటున్నాడు.

గుర్తు పెట్టుకోండి:

గ్యాస్ పెట్రోల్ కాదు, వాడితే అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు మూయకుండా నింపితే డబ్బు దండగ.

ఔట్‌డోర్ యూనిట్ ముందు బట్టలు, సామాన్లు పెట్టొద్దు.

ఇన్వర్టర్ లేని ఏసీని 16లో పెట్టినా తొందరగా చల్లబడదు. కంప్రెసర్‌కి ఉన్నది ఒకటే స్పీడు. 24 చాలు.

ఆపిన వెంటనే వెయ్యొద్దు. ప్రెషర్లు సమానం కావడానికి కనీసం మూడు నిమిషాలు ఆగండి.

మీరే మూత విప్పొద్దు. కరెంటు తీసినా కెపాసిటర్‌లో షాక్ ఉంటుంది. లీకు చూడ్డానికి ఎవరైనా ఆక్సిజన్ సిలిండర్ పెడితే అక్కడే ఆపండి. లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది. దానికి వాడాల్సింది నైట్రోజన్.

ఈసారి ఏసీ చల్లగా రాకపోతే, మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఒక్కసారి బాల్కనీలోకి తొంగి చూడండి.