ఘంటసాల గొప్పా? బాలు గొప్పా?

1974లో ఘంటసాల, 2020లో బాలు వెళ్ళిపోయారు. అయినా శంషాబాద్ దాటి కొత్తూరు టీ కొట్టు దగ్గర నలుగురు పాటల ప్రియులు చేరితే ఈ తగవు తప్పదు! తేల్చేదెలా?

‘ఏకవీర’ (1969) వినండి. కె.వి. మహదేవన్ స్వరపరచిన ఒకే పాటలో ఎన్.టి.ఆర్.కి ఘంటసాల, కాంతారావుకి బాలు పాడారు. అప్పటికి బాలు వయసు ఇరవై మూడు. సినిమాల్లోకొచ్చి రెండు మూడేళ్ళే! పెద్దాయన మాటని నిదానంగా, నిండుగా నిలబెడతారు. కుర్రాడు మెత్తగా, కాస్త నవ్వు కలిపి వదులుతాడు. పక్కన ఘంటసాల ఉన్నారన్న బెరుకే వినిపించదు సుమండీ!

విషాదానికొస్తే మాత్రం నా ఓటు ఘంటసాలకే. ‘దేవదాసు’ (1953)లో ఆయన ఏడవరు. గొంతు తడిగా ఉంటుంది, అంతే. ఏడుపు మన వంతు.

అలాగని బాలు తక్కువా? అబ్బే! ‘మనుషులంతా ఒక్కటే’ (1976)లో అల్లు రామలింగయ్యకి పాడితే అల్లువారే పాడారనుకున్నాం. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదివిన విద్వాంసులు. బాలు సంప్రదాయ సంగీతం పద్ధతిగా నేర్చుకోనేలేదు. అయినా ‘శంకరాభరణం’ (1980)లో శంకరశాస్త్రికి పాడి జాతీయ అవార్డు పట్టేశారు. ఆ మొండి ధైర్యానికి ఏ ఓటు వేస్తారో మీ ఇష్టం!