అవగాహన ద్వారా ఆటల బోధన

అవగాహన ద్వారా ఆటల బోధన అనేది వ్యాయామ విద్యలో ఒక బోధనా పద్ధతి. ఇందులో నైపుణ్యాలను విడివిడిగా నేర్పడానికి ముందే పిల్లలను వారి వయసుకు తగినట్లు మార్చిన ఆటలోకి దింపి, అక్కడ ఎదురయ్యే చిక్కులకు వారి చేతనే ఉపాయాలు ఆలోచింపజేస్తారు. ఆంగ్లంలో దీనిని టీచింగ్ గేమ్స్ ఫర్ అండర్‌స్టాండింగ్ అంటారు.

చరిత్ర

ఇంగ్లాండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ 1982లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. అప్పటి బోధనలో బంతి విసరడం, పట్టడం వంటి నైపుణ్యాల సాధనకే ప్రాధాన్యం ఉండేది. దీనివల్ల చాలామంది పిల్లలు ఆటలో రాణించలేకపోతున్నారనీ, నైపుణ్యం గలవారు సైతం సొంతంగా నిర్ణయం తీసుకోలేక శిక్షకునిపై ఆధారపడుతున్నారనీ వారు గమనించారు.

బోధనా క్రమం

ఈ పద్ధతిలో ఆరు దశలు ఉన్నాయి. అవి: ఆట, నియమాల అవగాహన, వ్యూహ స్పృహ, నిర్ణయం, నైపుణ్య సాధన, ప్రదర్శన. నిర్ణయ దశలో "ఏమి చేయాలి?", "ఎలా చేయాలి?" అనే రెండు ప్రశ్నలు ఉంటాయి. నైపుణ్యం అవసరమని పిల్లలు గుర్తించిన తరువాతనే దానిని సాధన చేయిస్తారు.

ఖో-ఖోకు అన్వయం

ఖో-ఖోలో తరిమే జట్టులో ఎనిమిది మంది మధ్య గీత వెంట ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదవవాడు తరుముతాడు. పరుగెత్తేవాడు కూర్చున్నవారి మధ్యనుంచి ఏ పక్కకైనా దూరిపోవచ్చు. తరిమేవాడు అలా మధ్య గీత దాటరాదు, వెనుదిరగరాదు. పక్క మారాలంటే స్తంభం చుట్టి రావాలి, లేదా కూర్చున్నవానికి వెనుకనుంచి "ఖో" ఇవ్వాలి.

చిన్నపిల్లలకు దీనిని నలుగురు కూర్చునేవారితో, ఒక్క పరుగెత్తేవానితో ఆడించవచ్చు. వేగంగా పరుగెత్తే పిల్లవాడు సాధారణంగా తానే పట్టుకోవాలని చూస్తాడు. ప్రత్యర్థి అవతలి పక్కకు దూరగానే అతని వేగం వృథా అవుతుంది. అప్పుడు ఉపాధ్యాయుడు ఆట ఆపి, "ఇప్పుడు అతనికి దగ్గరగా, అటువైపు ముఖం పెట్టి ఉన్నది ఎవరు?" అని అడుగుతాడు. సరైనవానికి సరైన సమయంలో ఖో ఇస్తే నెమ్మదిగా పరుగెత్తేవాడు కూడా జట్టును గెలిపించగలడని పిల్లలు గ్రహిస్తారు. పరుగెత్తేవాడు కూడా తరిమేవానినే కాక, కూర్చున్నవారి ముఖాలు ఎటున్నాయో చూడడం నేర్చుకుంటాడు.

దొరికినవారిని ఆటనుంచి తొలగిస్తే సాధన ఎక్కువ అవసరమైనవారికే అవకాశం తగ్గుతుంది. అందువల్ల ఎదుటి జట్టుకు ఒక పాయింటు ఇచ్చి, దొరికినవానిని ఆటలోనే కొనసాగించడం మేలు.

పరిమితులు

బంతిని పట్టడం కూడా రాని పిల్లలకు కేవలం వ్యూహం చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. ఉపాధ్యాయునికి ఆటపై లోతైన అవగాహన ఉండాలి. ప్రశ్నలు ఎక్కువైతే పరుగుకు సమయం మిగలదు. నైపుణ్య బోధనతో పోల్చి జరిపిన పరిశోధనలలో మిశ్రమ ఫలితాలు వచ్చాయి. అందుచేత రెండింటినీ కలిపి బోధించేవారు కూడా ఉన్నారు.