లోపల ఎందరున్నారు?

రసాయన కర్మాగారంలోకి వచ్చే బయటి మనిషికి అక్కడ పొంచి ఉన్న ప్రమాదాలు తెలియవు. అతను ఏ మూల ఉన్నాడో కర్మాగారానికీ తెలియదు. గేటు దగ్గర రాయించే విజిటర్ పాస్ ఈ రెండు లోపాలనూ పూడ్చాలి. దొంగతనాలను అరికట్టడం దాని పనుల్లో చిన్నది. బయటి మనిషి అంటే తనిఖీకి కారులో వచ్చే ఆడిటర్ ఒక్కడే కాదు. ట్యాంకర్ డ్రైవరు, క్లీనరు, ఏసీ మెకానిక్, క్యాంటీన్‌కు కూరగాయలు తెచ్చే ఆటో అతను, షట్‌డౌన్ పనులకు దిగిన కాంట్రాక్టు కూలీలు అందరూ ఆ లెక్కలోకే వస్తారు. ఆడిటర్ వెంట ఎప్పుడూ ఒక అధికారి ఉంటాడు. ప్రమాదానికి దగ్గరగా మసిలే మిగతావాళ్ల వెంట చాలాచోట్ల ఎవరూ ఉండరు.

అగ్గిపెట్టె, సిగరెట్లు, సెల్‌ఫోన్ గేటు దగ్గరే వదిలి వెళ్లమంటే కొందరు చిరాకు పడతారు. లెక్క చూస్తే ఆ చిరాకు నిలవదు. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ గాలిలో సుమారు 2 నుంచి 9.5 శాతం వరకు కలిసినప్పుడు అంటుకుంటుంది. పాళ్లు సరిగ్గా కుదిరితే 0.25 మిల్లీజౌళ్ల నిప్పురవ్వ చాలు. పొడి వాతావరణంలో సింథటిక్ బట్టలు, రబ్బరు చెప్పులతో తిరిగే మనిషి ఒంట్లో స్థిర విద్యుత్తు పోగవుతుంది. శరీరాన్ని 100 పికోఫారడ్‌ల కెపాసిటర్‌గా తీసుకుంటే 3,000 వోల్టుల దగ్గర అందులో 0.45 మిల్లీజౌళ్ల శక్తి ఉంటుంది. తలుపు గడియ ముట్టుకోగానే వేలికి చురుక్కుమనడం దాదాపు ఆ వోల్టేజి దగ్గరే మొదలవుతుంది. అంటే చెయ్యి విదిలించుకుని మరిచిపోయే ఆ చురుకు ప్రొపేన్‌ను అంటించడానికి కావలసినదానికంటే ఎక్కువే. కొన్ని విభాగాల్లోకి వెళ్లేవారికి స్థిర విద్యుత్తును నేలలోకి పంపే బూట్లు ఇచ్చేది, ఎర్త్ చేసిన లోహపు కడ్డీని తాకి వెళ్లమనేది ఇందుకే. పొగగొట్టానికి స్పార్క్ అరెస్టర్ లేని ట్యాంకర్‌ను లోపలికి రానివ్వకపోవడమూ ఇలాంటి జాగ్రత్తే.

గేటు దాటిన తర్వాత మనిషి ఎక్కడ ఉంటాడు, ఎప్పుడు ఉంటాడు అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో 2005 మార్చి 23న ఒక యూనిట్‌ను తిరిగి నడపడం మొదలుపెట్టారు. అందులోని టవర్ మోతాదు మించి నిండింది. పొంగిన ద్రవం పక్కనున్న పొడవాటి గొట్టం పైనుంచి చిమ్మి నేలకు దిగి, ఆవిరి మేఘమై పరుచుకుని పేలింది. చనిపోయిన 15 మందీ కాంట్రాక్టు ఉద్యోగులే. 180 మంది గాయపడ్డారు. ఆ 15 మంది వేరే యూనిట్ మరమ్మతు పనికి వచ్చి, తాత్కాలిక ట్రెయిలర్ గదుల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉన్నారు. అన్నిటికన్నా దగ్గరి ట్రెయిలర్ ఆ గొట్టానికి 40 మీటర్ల దూరంలోపే ఉంది. యూనిట్ మొదలవుతున్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంజను ఆపకుండా నిలిపిన డీజిల్ పికప్ వల్ల మేఘం అంటుకుని ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. ఉదయం ఇచ్చిన పాస్ సాయంత్రం దాకా ఒకే అర్థంతో చెల్లదని ఈ ఘటన చూపింది. యూనిట్‌ను మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు అక్కడ పనిలేని వారందరినీ దూరం పంపడం ఆ తర్వాత మరింత గట్టి నియమమైంది.

లోపలికి పంపేముందు చెప్పే నాలుగు మాటల్లో గ్యాస్ సంగతి తప్పక ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. పది లక్షల పాళ్లలో 100 పాళ్లు దాటితే నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది గనుక గ్యాసూ పోయిందనుకున్నవాడు అక్కడే నిలబడతాడు. నైట్రోజన్‌కైతే ఆ మొదటి వాసనా ఉండదు. గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి (విండ్‌సాక్) చూసి, గాలి వీచే దిశకు అడ్డంగా వెళ్లి దాని దారి నుంచి తప్పుకోవాలి. క్లోరిన్, ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి గోతులు, సెల్లార్లు ఆశ్రయం కావు. ఇదంతా వినేవాడి భాషలో చెప్పకపోతే సంతకం పెట్టించుకున్నా లాభం లేదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కూలీకి ఇంగ్లిషు కాగితం ఒక కాగితం మాత్రమే.

ఇక మిగిలింది లెక్క. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని కర్మాగారంలో జరిగిన పేలుడులో ఆచూకీ దొరకని ఎనిమిది మందితో కలిపి 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఇలాంటి చోట పేర్ల జాబితా ఎంత కచ్చితంగా ఉంటే వెతుకులాట, గుర్తింపు అంత తేలికవుతాయి. లెక్క రెండు వైపులా తప్పవచ్చు. ఒకరి కార్డు మీద ఇద్దరు లోపలికి వెళితే ఒకరి కోసం ఎవరూ వెతకరు. పాస్ తిరిగి ఇవ్వకుండా వెనక గేటు నుంచి ఇంటికి వెళ్లిపోయిన మనిషి కోసం అగ్నిమాపక సిబ్బంది మంటల్లోకి వెళతారు. రిజిస్టర్ గేటు గదిలోనే ఉండి, ఆ గది పొగలో చిక్కుకుంటే రాసినదంతా వృథా. అందుకే జాబితా ప్రతి ఒకటి దూరంగా మరోచోట ఉంచాలి.

ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఆన్‌సైట్ అత్యవసర ప్రణాళికకు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలి. సైరన్ మోగాక అసెంబ్లీ పాయింట్ దగ్గర ఉద్యోగులను షిఫ్టు జాబితాతో సరిచూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఆ గంటలో సరుకు దించుతున్న ట్యాంకర్ డ్రైవరు, అతని క్లీనరు కూడా అక్కడికి చేరారా, వాళ్ల పేర్లు గేటు పుస్తకంతో సరిపోయాయా అన్నది కూడా అప్పుడే చూడాలి.